గోడకు వీపు ఆనించి

మట్టిగోడ ఒక్కరోజులో లేవదు. మూరెడు ఎత్తు పెట్టి ఆగాలి. అది ఎండి, గోటితో గీస్తే తెల్లగీత పడేదాకా దాని మీద రెండో వరుస వేయకూడదు. ఎండాకాలంలో వారం పడుతుంది. మబ్బు పడితే పది రోజులు. నిలువెత్తు గోడకు నెల. ఆ నెలలో గోడ పెట్టే మనిషికి చేసే పనికంటే ఆగే పనే ఎక్కువ. శామీర్‌పేట పక్కన అలియాబాద్‌లో అలా ఆగడం తెలిసిన మనిషి బాలనర్సమ్మ.

మొదట ఆ పని ఆమెది కాదు. భర్త సత్తయ్య గోడ పెట్టేవాడు. ఆమె మట్టి తొక్కేది. ఊరి వెనక ఎర్రమట్టి గుంత ఉండేది. అక్కడి నుంచి మట్టి తెచ్చి, నరికిన వరిగడ్డి కలిపి, నీళ్ళు పోసి నానబెట్టి, మర్నాడు పొద్దున్నే అందులో దిగేది. ముద్ద కాలివేళ్ళ సందుల్లోంచి పైకి లేచి విరగకుండా నిలబడితే మట్టి అయినట్టు. అంతకంటే ముందు, గుంత దగ్గరే, ప్రతి గంపలోంచి చిటికెడు మట్టి నాలుక మీద వేసుకొని చూసేది. చౌడు ఉంటే ఉప్పగా తగులుతుంది. చౌడు కలిసిన గోడ ఎండకు నిలుస్తుంది గానీ తడికి నిలవదు. ఉప్పు తగిలిన గంపను అక్కడే దిమ్మరించేది. ఎందుకు దిమ్మరించావని సత్తయ్య ఏనాడూ అడగలేదు.

తొంభయ్యో సంవత్సరం ఎండాకాలంలో, గౌరయ్య ఇంటి గోడ ఛాతీ ఎత్తుకు వచ్చిన వారం, సత్తయ్య జ్వరంతో పోయాడు. దినాలు అయ్యాక బాలనర్సమ్మ గంప ఎత్తుకొని గౌరయ్య వాకిట్లోకి వచ్చింది. మిగిలిన వరుసలు తనే పెడతానంది.

"ఆడమనిషి పెట్టిన గోడ కింద నా పిల్లలను పండవెట్టాల్నా?" అన్నాడు గౌరయ్య. "తొక్కుడు వేరు, పెట్టుడు వేరు, నర్సమ్మా."

"ఆయన పెట్టింది నేను తొక్కిన మట్టే గదా, గౌరన్నా. పడితె ముందుగాల నా మీద పడనీ."

ఆ మాట ఊరికే అన్నది కాదు. గోడలు పెట్టేవాళ్ళలో ఒక పద్ధతి ఉంది. చివరి వరుస ఎండాక, దూలాలు ఎక్కించకముందు, గోడ పెట్టిన మనిషి లోపలి వైపు నేల మీద కూర్చొని, గోడకు వీపు ఆనించి అన్నం తినాలి. ఇంటివాళ్ళే పళ్ళెం తెచ్చి ఇవ్వాలి. తిన్నంతసేపు ఇంకెవరూ లోపలికి రారు. తిని లేచి చెయ్యి కడుక్కున్నాకే అది ఇల్లు. సత్తయ్య అలా తింటుంటే ఆమె గడప బయట నిలబడి ఎన్నోసార్లు చూసింది. ఆ ఏడు జ్యేష్ఠంలో ఆమె కూర్చుంది. గౌరయ్య భార్య లక్ష్మమ్మ పళ్ళెం తెచ్చి పెట్టింది. బయట మగవాళ్ళు నవ్వారు. ఆమె జొన్నరొట్టె తునక తునకగా తుంచి, తొందర లేకుండా తిన్నది. చివరికి నవ్వు ఆగిపోయింది.

ఆ తర్వాత పది, పన్నెండు ఇండ్లకు ఆమెనే పిలిచారు. మేకల బేరం చేసే ఖాలిక్ ఇంటికి తొంభైరెండులో గోడలు పెట్టింది. అక్కడ పళ్ళెం తెచ్చింది ఖాలిక్ తల్లి ఖమర్ బీ. బాలనర్సమ్మ తిని లేవగానే ఖమర్ బీ వచ్చి ఆ చోటనే కూర్చొని గోడకు ఒరిగి చూసింది.

"సల్లగుందే నర్సమ్మా," అంది.

"ఎండాకాలం ఇంకా సల్లగుంటది, బీబీ."

ఆనాటి నుంచి అది ముసలామె జాగా అయింది. బియ్యం ఏరినా, తస్‌బీ పూసలు తిప్పినా, మనవలను తిట్టినా అక్కడి నుంచే.

బాలనర్సమ్మ సొంత ఇల్లు ఊరి చివర, ఒకే అర్ర. గూనపెంకల కప్పు. వానాకాలంలో పెంకల మీది నీళ్ళు చూరు కింద పెట్టిన గోలెంలో పడేవి. పొయ్యి బయట. కరెంటు స్తంభం ఆమె వాకిలికి పది అడుగుల దూరం దాకా వచ్చింది. ఆమె తీగ లాగించుకోలేదు. గోడలో దీపం గూడు ఉంది. గూట్లో దీపం పెడితే, అలికిన గోడ నునుపుకు ఆ ఒక్క అర్రకు వెలుతురు సరిపోయేది. ఎందుకు తీసుకోలేదని ఎవరైనా అడిగితే, "పొద్దుగూకినంక నాకేం కచేరి పని ఉంది?" అనేది. కొడుకు ఎల్లేష్‌కు ఆ మాట వింటే ఒళ్ళు మండేది.

ఎల్లేష్ పదహారేళ్ళకే తాపీ పట్టాడు. మచ్చ బొల్లారంలో, అల్వాల్ చుట్టుపక్కల కాలనీలు లేస్తున్న రోజులు. పొద్దున బస్సెక్కి పోయి మాపటికి సిమెంటు మరకలతో వచ్చేవాడు. నాలుగేళ్ళలో మేస్త్రి అయ్యాడు. చేతిలో నునుపు ఉంది. తల్లి చెయ్యే అది. ఆ సంగతి ఆమె ఎప్పుడూ అనలేదు, అతను ఒప్పుకునేవాడూ కాదు.

"నెల రోజులకు నువ్వు ఒక్క గోడ లేపుతవు. గా నెలల నేను ఇల్లు లేపుత," అనేవాడు.

"లేపు బిడ్డా. లేపినంక దాని కింద కూసోని తింటవా?"

"మేస్త్రీలకు క్యారియర్లు ఉంటయి. గోడలకు ఒరిగి తినుడు మీ కాలం ముచ్చట."

తొంభైఎనిమిదిలో ఖాలిక్ భార్య నిఖత్ పట్టుబట్టింది. పండుగ పండుగకూ పేడా ఎర్రమట్టీ కలిపి గోడలు అలకడం తన వల్ల కాదంది. అరచేతులు చూపించింది. మాటలో తప్పేమీ లేదు. గోడ పెట్టే పని నెల రోజులది, అలికే పని జన్మంతది, అది ఆడవాళ్ళ మీద పడుతుంది. ఎల్లేష్ ఆ మాట విని తనే వెళ్ళి చెప్పాడు. ఒక్క పూత సిమెంటు వేస్తే బతికినన్నాళ్ళు గోడ ముట్టుకునే పని ఉండదన్నాడు. అది అతను సొంతంగా పట్టుకున్న మొదటి పని. కొత్త తాపీ కొన్నాడు.

ఖమర్ బీ మాత్రం కర్ర పట్టుకొని బాలనర్సమ్మ వాకిట్లోకి వచ్చింది.

"నీ కొడుకు సిమెంటు ఏస్త అంటుండు. గోడ నీది. నువ్వు చెప్పు. ఏపియ్యాల్నా, వద్దా?"

బాలనర్సమ్మ చేతిలో చాట ఉంది. ఎల్లేష్ అర్ర గడప మీద నిలబడి తాపీ అంచును వేలితో తుడుస్తున్నాడు. తల ఎత్తలేదు, కానీ వింటున్నాడు.

సత్తయ్య ఒకసారి అన్న మాట ఆమెకు గుర్తుంది. మట్టిగోడకు చెమట పడుతుంది, నేల తడి పైకి ఎక్కి గోడ ఒంటి మీద ఆరిపోవాలి, ఆరనియ్యని బట్ట దానికి తొడగొద్దు అని. అలా తొడిగిన గోడను ఆమె కళ్ళారా చూడలేదు. పడిపోయిన దాన్ని అసలే చూడలేదు. మాట ఒక్కటే ఉంది. ఎదురుగా ఇరవయ్యేళ్ళ కొడుకు ఉన్నాడు.

"ఏపియ్యి బీబీ," అంది. "మంచిగ చేస్తడు."

మంచిగానే చేశాడు. పూత అద్దంలా వచ్చింది. చూసినవాళ్ళు తమకూ కావాలన్నారు. ఏడాది తిరక్కుండా ఆమె పెట్టిన ఇండ్లలో ఐదింటికి ఎల్లేష్ సిమెంటు వేశాడు. అందులో గౌరయ్యది ఒకటి.

రెండువేల సంవత్సరం శ్రావణంలో ముసురు పట్టింది. చివరికి ఒక రాత్రి, ఒక పగలు ఆగకుండా కురిసింది. చెరువు అలుగు పారింది. కరీంనగర్ రోడ్డు మీద లారీలు నిలిచిపోయాయి. ఆ మధ్యాహ్నం ఖాలిక్ ఇంటి లోపలి గోడ పడింది. పగుళ్ళు రాలేదు, చప్పుడు రాలేదు. సగం గోడ కిందికి కూర్చుండిపోయి, పై సగం లోపలికి ఒరిగింది. ఖమర్ బీ దానికి వీపు ఆనించి కూర్చొని ఉంది.

బాలనర్సమ్మ వెళ్ళేసరికి మగవాళ్ళు ముసలామెను బయటికి తీశారు. నిఖత్ వానలో నిలబడి ఉంది. ఆమెను లోపలికి తీసుకుపోదామంటే ఎవరికీ ఏ లోపలికో తెలియలేదు. బాలనర్సమ్మ కూలిన గోడ దగ్గరికి పోయి వంగింది. సిమెంటు పూత పెచ్చులు పెచ్చులుగా ఊడి, ఇత్తడి పళ్ళేల్లాగా చెక్కుచెదరకుండా పడి ఉంది. దాని వెనక మట్టి గోడ మట్టిలా లేదు. చేత్తో తీస్తే సంగటిలా జారింది. ఈ ఒక్కరోజు వాన చేసిన పని కాదది. రెండేళ్ళ తడి. బయటికి పోయే దారి లేక లోపలే నిలిచిన తడి. చిటికెడు నాలుక మీద వేసుకుంది. ఉప్పు లేదు. తియ్యని మట్టి. తను తొక్కిన మట్టే.

అప్పుడు ఆమెకు సత్తయ్య మాట మొత్తం అర్థమైంది.

ఖమర్ బీ జనాజా, ఖననం అయిన మర్నాడు బడి అరుగు మీద పెద్దమనుషులు కూర్చున్నారు. సర్పంచ్ నరసింహ మధ్యలో ఉన్నాడు. ఖాలిక్ అరుగు మీదికి ఎక్కలేదు. కింద, బురదలో నిలబడ్డాడు. పని కోసం బొల్లారంలోనే ఉంటున్న ఎల్లేష్ కబురు విని వచ్చాడు. అందరి వెనక గోడ పక్కన ఉన్నాడు.

"గోడ నీదే గదా, నర్సమ్మా?" అన్నాడు నరసింహ.

"నాదే."

"ఎనిమిదేండ్లు నిలవడ్డ గోడ. ఏమయింది మరి?"

ఖాలిక్ మేనమామ ఒకాయన మేడ్చల్ నుంచి వచ్చి ఉన్నాడు. ఆయన గొంతు పెద్దది. "మట్టిది పక్కకు వెట్టుండ్రి. దాని మీద సిమెంటు ఏసింది ఎవరు? వాన్ని అడుగుండ్రి."

తలలన్నీ వెనక్కి తిరిగాయి. ఎల్లేష్ నోరు తెరిచాడు. అతను ఏమనబోయాడో ఎవరికీ తెలియలేదు, ఎందుకంటే తల్లి ముందే మాట్లాడింది.

"సిమెంటు ఏం జేస్తది? మట్టే చెడ్డది. గా ఏడు గుంతల చౌడు తేలింది. చౌడు మట్టి పెట్టిన."

ఖాలిక్ ఆమెనే చూస్తున్నాడు.

"నోట్లె ఏసుకొని చూస్తవు గదా పెద్దమ్మా, ప్రతి గంప," అన్నాడు మెల్లగా. "చిన్నప్పటి సంది చూస్తున్న నిన్ను. మన్ను తినే ఆమె అని నవ్వేటోల్లం."

"ఆ దినం చూడలే."

"అమ్మీ నీ మీద భరోసా పెట్టె."

ఆమె తల వంచుకుంది. మేనమామ ఏదో అనబోతే ఖాలిక్ ఆయన చెయ్యి పట్టి తీసుకొని పోయాడు.

గోడలు పెట్టే మనిషి చౌడు పెట్టానని ఒప్పుకున్నాక ఇక చెప్పేదేమీ ఉండదు. ఆమెను ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. పిలవడం మానేశారు. ఆమె అంతవరకు లెక్క చూసుకునే చెప్పింది. పని పోతుంది, పేరు పోతుంది, కొడుకు మిగులుతాడు. ఆ తర్వాత జరగబోయేది ఆమె లెక్కలోకి రాలేదు.

మాటకు కాళ్ళు ఉంటాయి. నర్సమ్మ మట్టి చెడ్డదట అన్నారు మొదట. తర్వాత మట్టి అంతా చెడ్డదే అన్నారు. మట్టి ఇండ్లున్నవాళ్ళకు కంటికి కునుకు పోయింది. సిమెంటు లేనివాళ్ళు సిమెంటు వేయించుకుందామనుకున్నారు. వేయించుకున్నవాళ్ళు ఇంకో పూత మందంగా వేయించుకుందామనుకున్నారు. అందరూ ఎల్లేష్ కోసం బొల్లారం కబురు పంపారు. ఎల్లేష్ మోపెడ్ మీద సంచులు వేసుకొని వచ్చాడు.

అతను నిజంగానే నమ్మాడు. మట్టి చెడ్డదని మట్టి మనిషే చెప్పింది, నమ్మక ఏం చేస్తాడు?

"చూసినవా అమ్మా," అన్నాడు పొయ్యి దగ్గర కూర్చొని. గొంతులో కోపం లేదు, జాలి ఉంది. అది ఆమెకు కోపం కంటే కష్టంగా ఉంది. "ఎన్నిమాట్ల చెప్పిన ఇడిసిపెట్టమని. ముసలామె పానం పాయె. నా సిమెంటు లేకుంటె గా గోడ రెండేండ్ల కిందనే పడుతుండె."

ఆమె పొయ్యిలో కట్టె వెనక్కి లాగింది.

"మన ఇంటికి గూడ ఒక పూత ఏస్త. దసరా ఎల్లినంక," అన్నాడు.

"వద్దు."

"ఇంకా వద్దేనా?"

"వద్దు బిడ్డా."

దసరా పోయింది. చిత్త కార్తె వానలు మొదలయ్యాయి. ఒక పొద్దున బాలనర్సమ్మ పిడకలకు పోతూ గౌరయ్య ఇంటి ముందు ఆగింది. తలుపు తెరిచి ఉంది. లోపలి గోడ కనిపిస్తోంది. నేల నుంచి మోకాలి ఎత్తున, నున్నటి సిమెంటు మీద, తెల్లటి పూత పొంగింది. ముగ్గు చల్లినట్టు, ఒకే గీతగా, గోడ పొడుగునా. తడి లోపలి నుంచి ఎంతవరకు ఎక్కిందో ఆ గీత చెబుతోంది. గోడ పక్కన దూలానికి తొట్టెల కట్టి ఉంది. అందులో గౌరయ్య మనవరాలు భవిత, మూడు నెలల పిల్ల, నిద్రపోతోంది.

ఆమె లోపలికి పోయి వేలి కణుపుతో గోడ మీద కొట్టింది. డొల్ల చప్పుడు.

"ఏందే నర్సమ్మా, మా గోడకు ఏం అడుగుతున్నవు?" అన్నాడు గౌరయ్య పళ్ళపుల్ల నములుతూ.

"గౌరన్నా, గీ సిమెంటు కొట్టిపారేయి. మోకాలి దాకనన్న కొట్టు. ఇయ్యాల్నే."

"ఎందుకు?"

ఎందుకో చెప్పాలంటే ఎవరి గురించి చెప్పాలో ఆమెకు తెలుసు.

"నీ గోడల గూడ చౌడే ఉంది," అంది. "ఇల్లు ఖాళీ చెయ్యి."

గౌరయ్య పుల్ల తీసి ఉమ్మాడు. లోపలికి తిరిగి, "ఇన్నవానే లక్ష్మీ, మనకు గూడ చౌడే పెట్టిందట!" అని అరిచాడు. తర్వాత బాలనర్సమ్మ వైపు చూశాడు. "ఆడమనిషి పెట్టిన గోడ అని ఆనాడే అన్న. ఏడుగురం ఉన్నం. ఇల్లు ఇడిసి చెరువుల పండాల్నా? చౌడు ఉంటె ఇంకో పూత ఏపిస్త. ఇంత మందం. రేపు పొద్దుగాల ఎల్లేష్ రానే వస్తుండు, చెప్పి పెట్టిన. నువ్వు చెడగొట్టింది నీ కొడుకన్న సక్కగ జేస్తడు."

ఆమె ఇంటికి వచ్చింది. ఆ రోజు పొయ్యి వెలిగించలేదు. గోలెంలో వాన నీళ్ళు పడుతున్నాయి, నిండి పొర్లుతున్నాయి. ఆమె ఆడిన అబద్ధం ఒక్కటే. అది ఇప్పుడు ఊళ్ళో ప్రతి మట్టిగోడ మీదికీ పూతలా ఎక్కుతోంది. కొడుకు చేత్తోనే ఎక్కుతోంది. నిజం చెబితే ఖమర్ బీ చావు వాడి చేతి మీదికి వస్తుంది. చెప్పకపోతే ఇంకా ఎన్ని చావులు వాడికి తెలియకుండా ఆ చేతి మీదికి వస్తాయో తెలియదు. ఆమె చాలాసేపు చూసుకుంది. రెండో దారిలో కొడుకు మిగలడు. మొదటి దారిలోనూ మిగలకపోవచ్చు.

మర్నాడు తెల్లారగానే గిన్నెలో సద్దన్నం పెట్టుకొని గౌరయ్య ఇంటికి పోయింది. లక్ష్మమ్మ వాకిలి ఊడుస్తోంది.

"తొట్టెల ఇప్పు వదినా. పిల్లను బయటికి తీస్కపో."

ఆ గొంతులో ఏముందో, లక్ష్మమ్మ చీపురు పడేసి పిల్లను ఎత్తుకుంది. బాలనర్సమ్మ తొట్టెల ఉన్న చోట నేల మీద కూర్చొని, తెల్లగీత మీద వీపు ఆనించింది. గిన్నె ఒళ్ళో పెట్టుకుంది.

గౌరయ్య తువ్వాలతో మొహం తుడుచుకుంటూ వచ్చాడు. "పదేండ్లకు మల్ల ఆకలయిందా నర్సమ్మా?"

"అయింది."

"ఇంట్ల బువ్వ లేదా?"

"బువ్వ ఉంది. గోడ కావాలె."

ఇద్దరు ముగ్గురు పోగై గడప బయట నవ్వారు. ఆమె ముద్ద నోట్లో పెట్టుకుంది. వీపుకు చల్లగా తగులుతోంది, రైక తడుస్తోంది. సిమెంటు వెనక ఏదో మెల్లగా జారుతున్నట్టు అనిపించింది. నమిలింది. మింగింది.

మోపెడ్ చప్పుడు ఆగింది. ఎల్లేష్ రెండు సంచులు అరుగు పక్కన దించి లోపలికి తొంగి చూశాడు.

"అమ్మా, ఏం పని గిది? లే. ఇజ్జత్ తీస్తున్నవు."

"ఏస్తే నన్ను గూడ కలిపి ఏయి."

"చౌడు పెట్టినదానివి నువ్వు. నేను మంచిగ జేద్దామని వస్తె—"

"చౌడు లేదు," అంది. "యాడ లేదు. ఖాలిక్ ఇంట్ల లేదు, గీడ లేదు. నేను అబద్ధం చెప్పిన. మట్టి మంచిది. సిమెంటు ఏసినంక తడి బయటికి రాలే. లోపటనే ఉండి మురిగిపోయింది."

నవ్వులు ఆగాయి. ఎల్లేష్ మొహంలో మొదట ఏమీ లేదు. తర్వాత రక్తం ఎక్కింది.

"అందరి ముంగట చెప్తివి గదా చౌడు అని! ఇప్పుడు నా మీద ఏస్తున్నవా?"

"నేనే ఏపియ్యమన్న. నీ ఒక్కని మీద కాదు."

"ఝూట్!" అన్నాడు. సంచిలోంచి సుత్తె తీశాడు. "జరుగు. చూపిస్త. అందరికి చూపిస్త నీ మట్టి సంగతి."

ఆమె ఒక పక్కకు జరిగింది. లేవలేదు. ఎల్లేష్ మోకాళ్ళ మీద కూర్చొని, ఆమె వీపు ఆనిన చోట ఒకే దెబ్బ కొట్టాడు. పళ్ళెం అంత పెచ్చు ఊడి కింద పడింది, పగల్లేదు. వెనక నల్లటి మట్టి మెరిసింది. అతను తాపీ మొన పెట్టి నొక్కాడు. నొక్కే పని కూడా లేకపోయింది. తాపీ పిడి దాకా దిగింది. వెనక్కి లాగితే ఆ సందులోంచి సన్నటి నీటిధార వచ్చి నేల మీద పారింది.

అతను ఆ నీళ్ళను చూస్తూ కూర్చున్నాడు. గౌరయ్య గొణిగాడు, "ఓరి నా కొడకా," అని. ఎవరినన్నాడో తెలియదు. లక్ష్మమ్మ పిల్లను రొమ్ముకు అదుముకొని వాకిట్లోంచి ఇంకా దూరం జరిగింది.

ఈలోగా ఖాలిక్ వచ్చాడు. ఎవరో పిలిచారు. జనం దారి ఇచ్చారు. గోడలో రంధ్రం చూశాడు, తల్లినీ కొడుకునూ చూశాడు. బాలనర్సమ్మతోనే మాట్లాడాడు.

"అమ్మీ నిన్ను అడగనీకె మీ ఇంటికి వచ్చె."

"వచ్చె."

"నువ్వే ఏపియ్యమంటివి."

"అన్న."

"గోడ పడ్డంక చౌడు అంటివి. అమ్మీ మీదికెల్లి మట్టి తీసిన చేతులు ఇంకా ఆరలే, గా దినం."

ఆమె గిన్నె పక్కకు పెట్టింది.

"ఇప్పుడు గిది నిజం అంటున్నవు. నేను ఏ మాట నమ్మాలె, పెద్దమ్మా?"

"నన్ను నమ్మకు," అంది. "గోడల చెయ్యి పెట్టి చూడు."

ఖాలిక్ వంగి రంధ్రంలో చెయ్యి పెట్టాడు. మణికట్టు దాకా పోయింది. కొంచెంసేపు అలాగే ఉంచాడు. తీసి, లుంగీకి తుడుచుకొని, ఎవరి వైపూ చూడకుండా వెళ్ళిపోయాడు.

ఆ రోజే గౌరయ్య ఇంటి దూలాలకు మొద్దులు ఆనించి, సిమెంటు కొట్టిపారేశారు. మిగిలిన ఇండ్లకు కూడా. మూడు రోజులు పట్టింది. ఎక్కువ కొట్టింది ఎల్లేష్. పొద్దున వచ్చేవాడు, చీకటి పడేలోపు పోయేవాడు. ఎవరైనా నీళ్ళు ఇస్తే తాగేవాడు. తల్లి ఇంటికి రాలేదు. మూడో రోజు చివరి ఇంటి పని అయ్యాక ఖాలిక్ ఇంటి దాకా పోయాడని, గడప ముందు చాలాసేపు నిలబడ్డాడని, లోపలి నుంచి ఎవరూ పిలవలేదని, తిరిగి పోయాడని నిఖత్ తర్వాత ఎవరితోనో అంది. గోడలు ఆరాయి. ఒక్కటి కూడా పడలేదు. ఆడవాళ్ళు మళ్ళీ పేడా ఎర్రమట్టీ కలిపి అలకడం మొదలుపెట్టారు, బాలనర్సమ్మను తిట్టుకుంటూ.

ఎల్లేష్ అలియాబాద్‌కు మళ్ళీ రాలేదు. అల్వాల్ వైపు స్లాబుల పని చేస్తున్నాడని, పాత ఇంటి మరమ్మతు అంటే ముట్టుకోడని చెప్పారు. అతను దించిన రెండు సంచులు గౌరయ్య అరుగు పక్కనే వానకు తడిసి గట్టిపడ్డాయి. గోనె పీలికలు ఊడిపోయాక కూడా సంచుల ఆకారంలోనే రెండు రాళ్ళుగా మిగిలాయి. వాటి మీద కూర్చొని ఇంటివాళ్ళు కాళ్ళు కడుక్కునేవాళ్ళు.

మరుసటి ఎండాకాలం ఖాలిక్ వచ్చాడు. వాకిట్లోనే నిలబడ్డాడు.

"గోడ పెట్టాలె," అన్నాడు.

బాలనర్సమ్మ తలెత్తింది. "నేనా?"

"ఊర్ల ఇంకెవ్వలకు వస్తది?"

అందులో మన్నింపు లేదు. అవసరం ఉంది. ఆమె గంప తీసుకుంది.

అదే ఆమె పెట్టిన చివరి గోడ. ఆ తర్వాతి ఏడాది ఎర్రమట్టి గుంత చుట్టూ ప్లాట్ల రాళ్ళు పాతారు. అప్పటికి మాత్రం మట్టి దొరికింది. ఆమె పొద్దున చీకటితో గుంతకు పోయేది. చిటికెడు నాలుక మీద వేసుకునేది. ప్రతి గంప ముందూ ఖాలిక్ నిలబడి, తనూ చిటికెడు తీసుకొని నోట్లో వేసుకునేవాడు. ఉమ్మి, తల ఊపేవాడు. ఆ తర్వాతే ఆమె తొక్కేది. మూరెడు పెట్టి ఆగేది. గోటితో గీసి చూసేది. అతనూ గీసి చూసేవాడు. ముప్పైనాలుగు రోజులు ఇద్దరి మధ్య గోడ గురించి తప్ప ఇంకో మాట లేదు.

చివరి వరుస ఎండిన రోజు మధ్యాహ్నం ఆమె చేతులు కడుక్కొని లోపలికి వచ్చి, ఖమర్ బీ కూర్చునే చోట నేల మీద కూర్చొని వీపు ఆనించింది. గోడ పొడిగా, వెచ్చగా ఉంది. బయట వంటింట్లో గిన్నెల చప్పుడు, నిఖత్ గొంతు వినిపిస్తున్నాయి. ఒకసారి గాజుల చప్పుడు గడప దాకా వచ్చి ఆగింది. మళ్ళీ వెనక్కి పోయింది.

పళ్ళెం ఎవరూ తేలేదు.

ఒక మనిషి తొందర లేకుండా అన్నం తినడానికి ఎంతసేపు పడుతుందో ఆమెకు తెలుసు. అంతసేపు ఖాళీ చేతులు ఒళ్ళో పెట్టుకొని కూర్చుంది. తర్వాత లేచింది. వాకిట్లో బానలోంచి నీళ్ళు ముంచుకొని చెయ్యి కడుక్కుంది. గంప ఎత్తుకొని ఇంటికి పోయింది.